పాటల పెట్టె

మనిషి కూడబెట్టుకొనే వస్తువులలో పాట వంటి విచిత్రమైన వస్తువు వేరొకటి లేదు. దానికి బరువు లేదు, రంగు లేదు, దొంగ మూటగట్టుకొని పోలేడు. అయినా అది పోతుంది. ఎలా పోతుందో, పోయినదానిలో కొంతైనా నిలుపుకొనడానికి మేము పడిన శ్రమ ఏమిటో విద్యార్థి మిత్రులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా అమ్మీకి తెల్లవారి నమాజు ముగించి, వంటింట్లో పొయ్యి వెలిగించే వేళ పాట వినడం చిరకాలపు అలవాటు. ఘంటసాల, పి. సుశీల, మహమ్మద్ రఫీ, నాలుగు ఖవ్వాలీలు ఆమె సొత్తు. మేము తిరుపతిలో ఉద్యోగంలో కుదురుకొన్నాక, 2019లో, నెలచందా మీద ఫోనులో పాటలు వినిపించే సదుపాయమొకటి తీసుకొని, ఆమెకు నచ్చిన 112 పాటలను ఒక జాబితాగా కూర్చి ఇచ్చాము. నాలుగేళ్లు సాఫీగా గడిచాయి. ఒకనాటి ఉదయం ఆ జాబితాలో 19 పేర్లు వెలవెలబోయి కనిపించాయి. వేలితో నొక్కినా పలకలేదు.

"నా పాటలేమయ్యాయి బేటా? చందా కట్టలేదా?" అని అమ్మీ అడిగింది.

చందా కట్టే ఉన్నాము. కాని మేము కట్టినది కొన్న వెల కాదు, అద్దె. ఆ సంస్థ కూడా పాటల హక్కుదారుల వద్ద గడువు మీద అనుమతి తెచ్చుకొన్నదే. ఆ ఒడంబడిక తెగిన నాడు పాట మన చేతిలోనుంచి జారిపోతుంది. ఇది మా ఒక్కరి అనుభవమూ కాదు. 2023 మార్చిలో స్పాటిఫైకీ జీ మ్యూజిక్‌కూ ఒప్పందం కుదరక ఎన్నో హిందీ పాటలు ఆ వేదికనుంచి తొలగిపోయాయి. 2024 జనవరిలో రెస్సో మన దేశంలో మూతపడింది. అదే ఏడు ఎయిర్‌టెల్ వారి వింక్ కూడా మూతపడింది. ఇందులో మోసమేమీ లేదు. చదవకుండా సరేనని నొక్కిన షరతులలో ఇదంతా ఉన్నదే. అద్దె ఇంటిని సొంత ఇల్లనుకోవడం మా తప్పు.

అంతకంటె పెద్ద తప్పు మరొకటి కలదు. చెప్పుకొనడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు.

మా అబ్బాకు చిత్తూరులో రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. ఆయన సంపాదించినది తక్కువ, రికార్డు చేసినది ఎక్కువ. రేడియోలో వచ్చిన కచేరీలు, నాటకాలు, ఉర్దూ ముషాయిరాలు క్యాసెట్లలోకి ఎక్కించి, ప్రతిదానికీ ఒక సంఖ్య వేసి, నోటుపుస్తకంలో తెలుగులోనూ ఉర్దూలోనూ వివరం రాసుకొనేవారు. చిత్తూరు పేరును తన పేరుకు ముందు చేర్చుకొన్న నాగయ్యగారి పాటలు ఆయనకు ప్రాణం. కరవదిలో పుట్టి నాగస్వర విద్వాంసుడై శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానాగారి కచేరీ వస్తున్నదంటే ఆనాటికి దుకాణంలో మరమ్మతు పని ఆగినట్లే. 

అబ్బా కాలం చేసిన తరువాత ఆ క్యాసెట్లు మా ఇంట అటక ఎక్కాయి. 2019లో ఇల్లు మారుతూ, "అన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి గదా" అని రెండు అట్టపెట్టెలను పాతసామాన్లవాని బండి మీదికి మేమే ఎత్తాము. ఎం.ఏ. పట్టా చేతబట్టుకొని, ప్రాచీన గ్రంథ పరిరక్షణ మీద తరగతిలో ఉపన్యాసాలు ఇస్తూ, చేసిన పని ఇది.

అమ్మీ ప్రశ్న విన్ననాటి రాత్రి నోటుపుస్తకం వెదికి తీశాము. అందులో 143 సంఖ్యలు ఉన్నాయి. అటక మీద మిగిలినవి 61. పోయిన 82 లో 88వ సంఖ్య కూడా ఉన్నది. దాని ఎదుట అబ్బా చేతిరాతలో "అమ్మ ఢోలక్ పాటలు, చెల్లెలి నికాహ్" అని ఉన్నది. మా దాదీ గొంతు అది. నాగయ్యగారి పాట ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దాదీ పాట ఏ సంస్థవారి భాండాగారంలో దొరుకుతుంది?

మేమున్నది తిరుపతి. పాటను దాచడమంటే ఏమిటో ఈ ఊరికి తెలిసినంతగా మరొక ఊరికి తెలియదు. తాళ్లపాక అన్నమాచార్యులవారి సంకీర్తనలను ఆ వంశంవారు రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరచారు. ఆయన రచించినవి 32 వేలని సంప్రదాయం. గత శతాబ్ది మూడవ దశకంలో రేకులు వెలుగుచూసినపుడు లభించినవి అందులో సగం కంటె తక్కువ. ప్రతి సంకీర్తనకూ రాగం పేరు చెక్కారు గాని స్వరం చెక్కలేదు. అందువలన మాట మిగిలింది, బాణీ మిగలలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు మళ్లీ స్వరపరచగా ఈనాడు మనం పాడుకొంటున్నాము. శ్రద్ధగా దాచినదానిలోనే ఇంత పోగా, అశ్రద్ధ చేసినదానిలో ఏమి మిగులుతుంది?

మిగిలిన 61 క్యాసెట్లతో పని ప్రారంభించాము. పరికరాలు స్వల్పమే. అబ్బా టేపు రికార్డరుకు రబ్బరు బెల్టు మార్పించి, హెడ్డును స్పిరిటుతో తుడిచి, తీగతో కంప్యూటరుకు కలిపాము. ఆడాసిటీ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. ఏళ్లతరబడి కదలని టేపును ముందుగా ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కు చుట్టాలి. లేకపోతే పొరలు అంటుకొని తెగుతుంది. ఈ పనిలో తొందర పనికిరాదు. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది. ఆదివారానికి రెండు చొప్పున ఎనిమిది నెలలు పట్టింది.

సీడీ నాణ్యతతో గంట సంగీతానికి సుమారు 635 మెగాబైట్ల చోటు కావాలి. ఫ్లాక్ పద్ధతిలో కుదిస్తే నాణ్యత రవ్వంతైనా తగ్గకుండా అందులో సగం, మూడింట రెండు వంతులలో సర్దుకొంటుంది. అబ్బా జీవితకాలపు సేకరణలో మిగిలినదంతా బొటనవ్రేలంత పెన్‌డ్రైవులో ఇమిడిపోయింది. చూచినపుడు సంతోషమూ కలిగింది, భయమూ కలిగింది. అంత చిన్నది పోగొట్టుకొనడం ఎంత తేలిక! అందుచేత మూడు ప్రతులు చేశాము. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డుడిస్కులో, మూడవది వేరే ఊరిలో తమ్ముని ఇంట. పాత కంప్యూటరు మీద నావిడ్రోమ్ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టి, అమ్మీ ఫోనుకు పాటలు అందేటట్లు చేశాము.

అన్నిటికంటె కష్టమైనది పేర్లు రాయడం. పేరు లేని పాట చిరునామా లేని ఉత్తరం వంటిది. పాడినవారు, రాసినవారు, ఏ సంవత్సరం, ఏ టేపు నుంచి అన్నది ఒక్కొక్కటిగా, అబ్బా నోటుపుస్తకం పక్కన పెట్టుకొని ఎక్కించాము. 

చట్టం మాట కూడా చెప్పాలి. మన దేశంలో ధ్వనిముద్రణ మీద హక్కు, ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. రచయిత, స్వరకర్తల హక్కులు వేరు. సొంత వినికిడికి న్యాయమైన వాడుకను 1957 నాటి చట్టం అనుమతిస్తున్నది గాని, పదిమందికీ పంచిపెట్టడానికి కాదు. పోయిన పాటలలో దొరికినవాటిని సీడీల రూపంలో వెల పెట్టి కొన్నాము. కళాకారుని కూడు కొట్టి కట్టిన భాండాగారం ఇంటికి శోభ కాదు. కొత్త పాటల పరిచయానికి నెలచందా సదుపాయాలు నేటికీ ఉపకరిస్తాయనడంలో సందేహం లేదు. మేము మానుకొన్నది వాటిని నమ్మి ఇల్లు ఖాళీ చేసుకొనడం.

ఇక 88వ సంఖ్య. నికాహ్ జరిగిన ఫుప్పూ మదనపల్లెలో ఉన్నది. బంధువులకు ప్రతులు తీసి ఇవ్వడం అబ్బా అలవాటని అమ్మీ జ్ఞాపకం చేసింది. వెళ్లి అడిగాము. ఫుప్పూ ట్రంకుపెట్టె అడుగునుంచి, చీర మడతలలోనుంచి, ఒక క్యాసెట్టు తీసి మా చేతిలో పెట్టింది. ఒక వైపు బూజు పట్టి పోయింది. రెండవ వైపు 17 నిమిషాలు దక్కింది. ఢోలక్ దరువు, గాజుల చప్పుడు, మధ్యలో ఎవరో పసివాని ఏడుపు, వాటన్నిటి మీదుగా దాదీ గొంతు. అమ్మీ పొయ్యి కట్టేసి, కొంగు నెత్తిన సర్దుకొని, చివరిదాకా నిలబడే విన్నది. ఆ ఏడుస్తున్న పసివాడు ఎవరో ఆమెకు తెలుసునట. పేరు చెప్పింది. ఆ పేరును కూడా ఎక్కించాము.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన గ్రంథాలయంలో ఒక మూల ఒక టేపు రికార్డరు, ఒక కంప్యూటరు ఏర్పాటు చేయించగలిగితే, విద్యార్థులు తమ ఇళ్లలోని క్యాసెట్లు తెచ్చి ఎక్కించుకొంటారు. నేర్పే బాధ్యత మాది. విద్యార్థులారా, ఈ సెలవులలో మీ ఇంటి అటక ఒకసారి ఎక్కి చూడండి. పాతసామాన్లవాని బండి మీకంటె ముందు రాకూడదని మా కోరిక.