పాలిపోయిన ఆకు

మొక్కకు వచ్చే కష్టాలు అనేకం. వాటిని చెప్పుకొనడానికి దానికి ఉన్న మాటలు మాత్రం బహు కొద్ది. ఆకలి అయినా, నీరు మించినా, వేరు కుళ్ళినా, పురుగు పట్టినా అది ఆకును పాలిపోనిస్తుంది. వినేవాడు తొందరపడితే అన్ని కష్టాలూ ఒక్కటిగానే వినిపిస్తాయి.

లక్నో నగరంలో ఒక పాత ఇంటి మేడమీద విశ్రాంత ఉపాధ్యాయులొకరు టమాటా మొక్కలు పెంచుతున్నారు. ముప్పది యేండ్లకు పైగా బడిలో గణితం బోధించినవారు. ఇరుగుపొరుగువారికి ఇప్పటికీ ఆయన మాస్టర్ సాహెబే. ఆ ప్రాంతంలో టమాటా చలికాలపు పంట. వానలు వెనుకబట్టిన పిమ్మట నారు నాటితే మాఘమాసం నాటికి పండ్లు చేతికి వస్తాయి. ఆ యేడు ఆయన పన్నెండు కుండీలలో నాటారు. దీపావళి దాటిన మూడు వారాలకు కొన్ని మొక్కలు రంగు తప్పినవి.

పొరుగింటి పెద్దమనిషి చూచి, "పచ్చదనం తగ్గిందంటే నత్రజని చాలలేదన్నమాట. తలా ఒక చెంచా యూరియా వేయండి" అన్నారు. మాస్టరుగారు లెక్క తప్పకుండా పన్నెండింటికీ సమానంగా పంచారు. వారం తిరిగేసరికి పాలిపోయినవి మరింత పాలిపోయి, వాటి ఆకుల అంచులు మాడినవి. బాగున్నవి గుబురుగా ఆకు వేసినవే గాని పూతకు రాలేదు.

వీధిలో తోటపని చేసే ముసలి మాలీ ఒకనాడు మేడమీదికి వచ్చాడు. అతడు మందు పేరు చెప్పలేదు. "మాస్టర్ సాహెబ్, పసుపు ఏ ఆకున మొదలైనది? కిందనా, పైననా?" అని అడిగాడు. నెల దినాలుగా ఉదయం, సాయంత్రం ఆ మొక్కల ముందు నిలుచున్న మాస్టరుగారు జవాబు చెప్పలేకపోయారు.

ఆ ప్రశ్నలో శాస్త్రం చాలా ఉన్నది. నత్రజని మొక్కలో కదలగల ఆహారం. అది తక్కువైనప్పుడు ముదురు ఆకు తన వద్ద ఉన్నదానిని లేత చిగురుకు పంపి తాను ఎండిపోతుంది, కరువులో పెద్దలు పస్తుండి పిల్లలకు పెట్టినట్లు. కనుక ఆ పసుపు కింది ఆకున పుట్టి, ఆకంతటా సమానంగా పరచుకొని, పైకి పాకుతుంది. పత్రహరితానికి నడిబొడ్డు వంటిది మెగ్నీషియం. అదీ కదలగలదే. దాని లోపం కూడా కింది ఆకులలోనే కనబడుతుంది గాని, ఈనెలు పచ్చగా నిలిచి వాటి నడుమ మాత్రమే పసుపు తేలుతుంది. పొటాషు తక్కువైతే కింది ఆకుల అంచులు మాడుతాయి. ఇనుము స్వభావం వేరు. ఒక ఆకులో కుదురుకొన్న ఇనుము సులభంగా మరొక చోటికి పోదు. అందుచేత దాని లేమి మొట్టమొదట చిగురుకే తగులుతుంది. లేత ఆకు ఈనెలు పచ్చని వలవలె మిగిలి, తక్కినదంతా తెలుపు తిరుగుతుంది.

మాస్టరుగారు కళ్ళజోడు సవరించుకొని వంగి చూశారు. కింది ఆకులు పచ్చగానే ఉన్నవి. పసుపు చిగుళ్ళలో ఉన్నది. మరొక సంగతీ అప్పుడే కంటబడినది: అటువంటి మొక్కలు నాలుగు, నాలుగూ పిట్టగోడ పక్కవే.

ఆయన భార్య ఆ మాట విని, "వినండి, దీపావళికి వెల్ల వేసినవాళ్ళు బాల్చీలు, కుంచెలు కడిగిన నీళ్ళు ఎక్కడ పోశారనుకున్నారు? ఆ గోడ పక్కనే" అన్నది.

కారణం తెలిసినది. మట్టిలో సున్నం మితిమీరితే, ఇనుము ఉన్నా వేరుకు అందదు. నేలలో కరగని రూపం దాల్చి అక్కడే ఉండిపోతుంది. లక్నో చుట్టుపట్ల జిల్లాలలో ఊసర భూములు, అంటే మన రైతులు చౌడు అనే నేలలు, విస్తారంగా కలవు. మొక్కకు క్షారం చేసే కీడు అక్కడి మాలీకి కొత్త కాదు. ఇటువంటి పాలిపోవడానికి ఇనుప లవణం మందని గ్రిస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1840 దశకంలోనే చూపాడు. హిందీవారు కసీస్ అనే ఆ లవణాన్నే తెలుగు రైతులు అన్నభేది అంటారు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లటి వేళ ఆకుల మీద చల్లారు. కుండీల పైమట్టి తీసి, మాగిన ఆకుల ఎరువు నింపారు. పది దినాలకు కొత్త చిగుళ్ళు పచ్చగా వచ్చినవి. మాడిన అంచులు మాత్రం మాడినట్లే ఉండిపోయినవి.

గోడకు దూరంగా ఉన్న అయిదవ మొక్కా పసుపుగానే ఉన్నది. దాని ఆకులు పైకి ముడుచుకొని, గిడసబారినవి. అది తెల్లదోమ మోసుకువచ్చే ఆకుముడత తెగులు. దానికి మందు లేదు. తక్కినవాటికి సోకకుండా మాలీ దానిని వేరుతో పెరికి తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం మాస్టరుగారు చాలాసేపు మేడమీదనే కూర్చున్నారు. ఆయనకు ఒక కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు. ఎనిమిదవ తరగతిలో వెనుక బల్ల మీద కూర్చుండి, రెండవ గంటకే తూగేవాడు. లెక్కలు రానివారందరికీ ఆయన ఇచ్చిన మందు ఒక్కటే: మరి పది లెక్కలు. ఆ కుర్రవాడికీ అదే ఇచ్చారు. హాజరుపట్టీలోనుంచి పేరు కొట్టివేసిన తరువాత గాని, వాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇంటింటికీ పాలు పోసి బడికి వచ్చేవాడని ఆయనకు తెలియలేదు.

మాఘంలో పండ్లు బుట్టెడు వచ్చినవి. మొదటి నాలుగూ ఆయన మాలీ చేతిలో పెట్టారు. ఇప్పుడు ఎవరైనా తమ మొక్క పచ్చబడినదని సలహాకు వస్తే, మాస్టరుగారు మందు పేరు చెప్పరు. చెప్పులు తొడుక్కొని, "పదండి, చూద్దాం" అంటారు.