ఏంట్రా ఈ అవతారం?

మా వైపు ఎవరైనా తల దువ్వుకోకుండా, నలిగిన చొక్కాతో కనబడితే "ఏంట్రా ఈ అవతారం?" అంటారు. ఫోను ఆటల్లో మనకు బదులు పరిగెత్తే బొమ్మని కూడా అవతార్ అంటారని ఇంటరు చదివే మావాడు చెప్తే నవ్వొచ్చింది. వాడి బొమ్మని చూశాక ఆ నవ్వు పోయింది. తలకి ఎర్ర గుడ్డ, వీపున తుపాకీ, నెత్తిమీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు. రవి.

"రవెవర్రా?"

"నేనే అబ్బా."

మాది కోనసీమ. ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబులం. ఉర్దూ మాకు సలాముకీ దువాకీ, అమ్మీ అబ్బా అనే పిలుపులకీ సరిపోయేంతే. (హైదరాబాదు చుట్టాలు అందుకే మమ్మల్ని సగం సాయిబులంటారు. అదో వేరే ఏడుపు.) మావాడికి మా నాన్న పేరు పెట్టుకున్నాం. మొదట్లో బొమ్మకీ ఆ పేరే పెట్టాడట. జట్టులో ముక్కూ మొహం తెలియని పిల్లలుంటారు, ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటూ ఆడతారు. పేరు చూసి ఒకడు "పాకిస్తానోడు మన జట్టులో ఎందుకురా" అన్నాడు. ఇంకొకడు వెనకనుంచి కాల్చాడు. ఫిర్యాదు చేస్తే నియమాలకి విరుద్ధంగా ఏమీ కనబడలేదని జవాబొచ్చింది. ఏ ఆటో చెప్పను, ఆట పేరుతో నాకు పనిలేదు. ఆ వారమే మావాడు రవి అయ్యాడు. "ఇప్పుడు బాగానే ఆడనిస్తున్నారబ్బా" అన్నాడు, మార్కులు చెప్పినంత మామూలుగా.

ఆటలకి నియమాలు లేవనుకునేరు. పబ్‌జీ మొబైల్‌ని ప్రభుత్వం 2020 సెప్టెంబర్ 2న మరో 117 యాప్‌లతో కలిపి నిషేధించింది. 2021 జూలైలో దాదాపు అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అని తిరిగొచ్చింది. పేరు మార్చుకుంటేనే ప్రవేశమన్నమాట, ఆటకైనా సరే. తూటా తగిలిన బొమ్మకి ఎర్ర నెత్తురు బదులు ఆకుపచ్చ నెత్తురు పెట్టారు. 'చంపాడు' తీసేసి 'ముగించాడు' అన్నారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి రోజుకి 3 గంటలు, 7,000 రూపాయలు హద్దు. ఇది నిజలోకం కాదు సుమా అని ముందే హెచ్చరిక. అయినా 2022 జూలైలో మళ్లీ ఆపించారు, 2023 మేలో మళ్లీ వదిలారు. చిన్నప్పుడు బడిలో ఒకడు "మీవోళ్ల నెత్తురు పచ్చగా ఉంటదంట కదరా" అని నన్ను ఏడిపించేవాడు. చివరికి అందరిదీ పచ్చగానే చేశారు.

మావాళ్ల పట్టింపులూ చెప్పాలి. 2020 జూన్‌లో పబ్‌జీ మొబైల్‌లో ఒక అడవి పెట్టారు. అందులో బొమ్మ వెళ్లి ఒక విగ్రహం లాంటి స్తంభం ముందు మోకరిల్లితే బలం వస్తుంది. కువైట్‌లో, సౌదీలో గగ్గోలు. కంపెనీ క్షమాపణ చెప్పి ఆ మొక్కుడు తీసేసింది. అప్పటికి మా చిన్నక్క కువైట్‌లో ఇళ్లల్లో పని చేస్తోంది. మా సీమలో కువైట్ వెళ్లని వీధుందా? ఫోను చేసి "పిల్లాణ్ని ఆడనివ్వకురా, అల్లాకి సాటి పెట్టడమంట" అంది. మొక్కింది బొమ్మే కదక్కా అన్నాను. అన్నానే గానీ, బొమ్మ పడిపోతే మావాడు "నేను పడ్డా" అంటాడు. మరి బొమ్మ మొక్కితే ఎవరు మొక్కినట్టు? అక్క మాట కొట్టిపారేయలేను. ఆ లెక్కనే, బొమ్మ నెత్తిమీద మా నాన్న పేరు చెరిపితే చెరిగింది ఎవరి పేరు? దానికి మాత్రం ఏ దేశంలోనూ గగ్గోలు లేదు.

నేనూ ఒక అవతారం కట్టాను. 1980లలో, పీర్ల పండక్కి. నాన్న మొక్కుబడి. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకి తోక. రంగు ఆరేకొద్దీ చర్మాన్ని పట్టి లాగేది. పొద్దుటినుంచి కూచోనివ్వలేదు. డప్పు ముందు నడుస్తుంటే కాపుల వీధిలోనూ ఆడాను, శెట్టిబలిజపేటలోనూ ఆడాను. గుమ్మం గుమ్మానికీ చేటలో బియ్యం, చిల్లర. చంటిపిల్లల్ని తెచ్చి నాచేత దిష్టి తీయించుకున్నారు. పులి పేరేమిటని ఒక్కరూ అడగలేదు. రాత్రి అమ్మీ కిరసనాయిలు గుడ్డతో రుద్దుతుంటే మంటకి వీధి లేచేలా అరిచాను. తర్వాత కొన్నేళ్లకి జమాతు వాళ్లొచ్చి పీర్లు తప్పన్నారు, వేషం అంతకంటే తప్పన్నారు. నాన్న ఎదురు చెప్పలేదు. 1992 డిసెంబర్ తర్వాత డప్పువాళ్లూ మా వీధికి రావడం తగ్గించారు. ఏది ముందో ఏది వెనకో ఇప్పుడు విడదీయలేను.

పేరు మాటకొస్తే ఊళ్లు తగలబడే చోటు మాది. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. తర్వాత చాలా రోజులు ఇంటర్నెట్ లేదు. మావాడి బొమ్మ కూడా కదల్లేదు.

తాత పేరు దాచుకుంటావట్రా అని వాణ్ని కేకలేద్దామనుకున్నాను. నోరు రాలేదు. 2019లో రాజమండ్రిలో అద్దిల్లు వెతుక్కుంటూ ఫోనులో "బాబు మాట్లాడుతున్నానండి" అన్నది నేను. బాషాకి బాబు దగ్గరే కదా అని సర్ది చెప్పుకున్నాను. ఇల్లు చూశాం, అడ్వాన్సు మాట్లాడుకున్నాం. ఆధార్ కార్డు ఇచ్చాక "మా ఆవిడ ఒప్పుకోట్లేదండి, ఏమీ అనుకోకండి" అన్నాడాయన. ఆయ్, ఏమీ అనుకోలేదండి అని మెట్లు దిగాను.

మొన్న ఆదివారం మావాడు ఫోను నా చేతికిచ్చి "నువ్వూ ఒకటి చేసుకో అబ్బా, ఇద్దరం ఒక జట్టు" అన్నాడు. మొహం, జుట్టు, గడ్డం ఎంచుకోవాలి. గడ్డాలు బోలెడున్నాయి. టోపీలూ ఉన్నాయి గానీ నాన్న పెట్టుకునేలాంటిది లేదు. చారల చొక్కా ఒకటి దొరికితే అది తొడిగాను. చివర్న పేరడిగింది.

"ఏం పెడతావబ్బా?"

మావాడు ఫోను వైపు చూడ్డంలేదు, నా మొహం వైపు చూస్తున్నాడు. బి కొట్టాను. ఎ కొట్టాను. మూడో అక్షరం దగ్గర వేలు ఆగింది.