చెరువులో దీవి

ఈ వేసవిలో మా ఇంటికి దీవి పిచ్చి పట్టింది. మా పెద్దవాడు ఫోనులో అండమాన్ బొమ్మలు చూశాడు. అక్కడ స్వరాజ్ ద్వీపమని ఒకటున్నదట. 2018 దాకా హేవ్‌లాక్ అనేవారు. మొహానికి అద్దాల తొడుగు, వీపున గాలి సిలిండరు కట్టుకుని మునిగితే, పగడాల మధ్య చారల చేపలు వచ్చి పలకరిస్తాయట. "నేనూ మునుగుతా" అని చిన్నది కూడా పట్టుబట్టింది. నలుగురికీ విమానం ఖర్చు ఎంతవుతుందో మా ఆవిడ లెక్కవేసి, ఆ కాగితం మడిచి పోపులడబ్బా కింద పెట్టింది. అంటే ఆ ప్రస్తావన అంతటితో సరి.

ఆ వారమే త్రిపురాంతకం నుంచి మా మేనత్త ఫోను చేసింది. సంగతి విని, "దీవి కోసం అంతదూరం ఏందిరా? మా చెరువులో లేదా? పిల్లల్ని ఇటు తీసుకురా" అంది.

వినుకొండ దాటాక ఎండ తీరే మారిపోతుంది. బస్సు కిటికీ ఊచ మీద చెయ్యి ఆనడం లేదు. ఎర్రనేల, రాళ్ళు, దూరాన పడమట నీలపు గీతలా నల్లమల. శ్రీశైలానికి తూర్పు వాకిలి త్రిపురాంతకం. దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం మిగతా మూడు వాకిళ్ళు.

ముందు కొండ ఎక్కాం. కుమారగిరి అంటారు. పైన త్రిపురాంతకేశ్వరుడు. గుడి శ్రీచక్రం ఆకారంలో కట్టారని చెబుతారు. అక్కడి శాసనాల్లో కాయస్థ అంబదేవుడిది ఒకటి ఉంది. రుద్రమదేవి 1289లో కన్నుమూసిందని చందుపట్ల శాసనం చెబుతుంటే, 1290లో ఈయన ఇక్కడ తన ప్రతాపమంతా రాతిమీద చెక్కించుకున్నాడు. కాకతీయులను కాదని తిరగబడ్డ సామంతుడాయన. మరుసటి ఏటికే ప్రతాపరుద్రుని అధికారం ఇక్కడ మళ్ళీ నిలిచింది. ఇదంతా నేను ఉత్సాహంగా చెబుతున్నాను. మావాడు మాత్రం "దీవి ఎక్కడ నాన్నా?" అన్నాడు.

దిగి చెరువు దగ్గరికి వచ్చాం. చెరువు మధ్యన బాలాత్రిపురసుందరి గుడి, దాని పక్కన కదంబవృక్షాలు. నిజమే, నీళ్ళుంటే దీవే. కాని నీళ్ళేవి? బురద ఎండి, పెంకుల్లా పగిలి ఉంది. నాలుగు మేకలు గుడి చుట్టూ తిరిగి గడ్డి పరకలు ఏరుకుంటున్నాయి.

"ఇదేనా అవ్వా దీవి?" అంది చిన్నది.

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను కాపురానికి వచ్చిన ఏడు మీ తాత ఈ కట్టమీద నుంచి దూకి, అదిగో, ఆ గుడి దగ్గర తేలేవాడు. ఊపిరి పోయిందేమోనని నాకు భయం. తేలి నవ్వేవాడు." ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలకు అది తెలియదు, "మరి గాలి సిలిండరు?" అన్నారు.

గర్భగుడిలోకి మెట్లు దిగి వెళ్ళాలి. ఒక్కొక్క మెట్టూ దిగుతుంటే పైనున్న ఎండ, మేకల అరుపు వెనకబడిపోయాయి. లోపల దీపం వెలుగు, నూనె వాసన, కాళ్ళకింద చల్లటి రాయి. చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగింది. పైకి వచ్చాక గానీ వదల్లేదు. దాని మునక అది మునిగిందనుకున్నాను.

తిరిగి వస్తూ అత్తయ్య వెలిగొండ మాట ఎత్తింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా రెండు సొరంగాలు తవ్వారు. మొదటిది 2021లో, రెండవది 2024లో తొలిచి ముగించారు. ఈ పడమటి తాలూకాల వాళ్ళకు ఆ పేరు ఇంట్లో పిల్లవాడి పేరంత చనువు. "కొండనే తొలిచారు కదా, చెరువుదేముందిలే" అంటుంది ఆమె. నేనేమీ అనలేదు. ఈ ఊళ్ళో మాత్రం వాన ఎన్ని అంగుళాలు పడిందని అడగరు, చెరువులోకి నీళ్ళొచ్చాయా అని అడుగుతారు.

పిల్లలు ఆ పెంకుల మధ్య నుంచి ఒక నత్తగుల్ల ఏరి తెచ్చారు. ఇప్పుడది మా బల్లమీద ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే సముద్రం వినిపిస్తుందని పెద్దవాడంటాడు, చెరువని చిన్నది.

మొన్న కార్తికంలో, రెండు వారాల ముసురు తర్వాత, తెల్లవారకముందే ఫోను మోగింది. "ఏరా, దారి ఒక్కటే పైన మిగిలింది. చుట్టూ నీళ్ళే. పిల్లల్ని తీసుకుని ఎప్పుడొస్తావు?"

పరీక్షలు పన్నెండో తేదీతో అయిపోతాయి. పెద్దవాడు ఈసారి బస్సు వేళలు తనే రాసి పెట్టాడు.