బేరము, కొసరు

అమ్మబోయిన అడవి, కొనబోయిన కొరివి యని మన పెద్దలు చెప్పుదురు. మనము అమ్మునపుడు విలువలేని వస్తువే మనము కొనునపుడు చేయి కాల్చునని దీని భావము. ఆ వేడి నుండి చేతిని కాపాడుకొనుటకై పుట్టినది బేరము. బేరము కుదిరిన పిమ్మట అంగడివాడు తూకమునకు మించి విదిల్చిన పిడికెడు కొసరు. మూడు తరములుగా చెన్నపట్టణమున కాపురమున్న మా కుటుంబములో ఇంటి పొదుపంతయు ఈ రెండు మాటలలోనే యిమిడియుండెడిది. నేడు అంగడి చేతిలోని ఫోనులోనికి వచ్చినది. మరి బేర మేమైనది? కొసరు ఏమైనది? మా యింటి యనుభవమును బట్టి యిచ్చట కొంత విచారింతుము.

మా నాయనమ్మగారి కాలమున కూరగాయలకు కొత్వాలు చావడి, పప్పులకు దినుసులకు జార్జిటౌను సందులు, వస్త్రములకు త్యాగరాయనగరము. ఆ నగరము పిట్టి త్యాగరాయ శ్రేష్ఠిగారి పేరిట, అందలి ఉద్యానము పానగల్లు రాజావారి పేరిట వెలసినవి. ఇరువురును తెలుగువారే. చావడిలో అమ్మువారిలోను కొనువారిలోను తెలుగు మాటాడువారు పెక్కుమంది యుండిరి. నాయనమ్మగారు బెండకాయ కొన విరిచి చూచెడివారు; వంకాయ ముచ్చిక పచ్చదనము పరికించెడివారు; కొబ్బరికాయను చెవి చెంత ఊపి నీటి చప్పుడు వినెడివారు. చెప్పిన వెలకు ఏనాడును ఒప్పుకొనక నాలుగడుగులు నడచిపోయెడివారు. ఐదవ అడుగునకు వెనుకనుండి పిలుపు వచ్చెడిది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. తరువాత కొన్నియేండ్లకు కిలోగ్రాములును వచ్చినవి. ఆమె మాత్రము చివరివరకు వీశెలలోనే లెక్కకట్టిరి. వీశె యనగా సుమారు 1.4 కిలోగ్రాములు. అంగడివాడు కిలో వెల చెప్పినచో, ఆమె దానిని వీశె వెలగా మార్చి, బేరమాడి, మరల కిలోలోనికి దింపెడివారు. ఈ గణితము నేర్పిన బడి యేదియు లేదు.

కొత్వాలు చావడి వ్యాపారము 1996లో కోయంబేడునకు తరలిపోయినది. ఇప్పుడు మా యింటికి నెలసరి సరుకులలో సగము ఫోను ద్వారముననే వచ్చుచున్నవి. దీనిని మేము నిందింపము. వానలో తడియనక్కరలేదు, మోకాళ్ల నొప్పిగలవారు మెట్లెక్కనక్కరలేదు, పది యంగళ్ల వెలలు ఒక్కచోట కానవచ్చును. అయితే కొన విరిచి చూచుటకు వీలులేని యంగడిలో వేరు పరీక్షలు కావలెను.

మొదటి పరీక్ష తగ్గింపును గూర్చినది. పొట్లముపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరకు మించి అమ్మరాదని శాసనము. అంతకు తక్కువకు అమ్ముట అమ్మువాని యిష్టము. కావున "సగము తగ్గింపు" అన్న మాట ముద్రించిన ధరను బట్టి చెప్పినదే కాని, బజారు ధరను బట్టి చెప్పినది కాదు. రెండవది తూకము. ఉదాహరణకు, 500 గ్రాముల పప్పు 95 రూపాయలు, అదే పరిమాణముగా కనుపించు 450 గ్రాముల పొట్లము 90 రూపాయలు అనుకొందము. చూపునకు రెండవది చవుక. కిలోకు లెక్కించినచో మొదటిది 190, రెండవది 200. ఇట్టి లెక్క సులభమగుటకే కిలోకు లేక గ్రామునకు ఎంత పడునో పొట్లముపై ముద్రింపవలెనను నిబంధన అమలునకు వచ్చినది. నాయనమ్మగారి వీశె లెక్కకు ఇది మనుమరాలు. మూడవది ఉచిత రవాణా. ముప్పది రూపాయల కూలి తప్పించుకొనుటకై అక్కరలేని నూరు రూపాయల వస్తువును బుట్టలో చేర్చుట లాభము కాదు.

వస్త్రముల విషయమున మరింత జాగరూకత వలయును. మూడేండ్ల క్రిందట ఉప్పాడ జాందానీ యని ప్రకటించిన ఒక చీరను, వాపసు నిబంధన చదివికొని, తెప్పించితిమి. మా అమ్మగారు దానిని విప్పి, ముందు వైపు చూడనే లేదు; తిరుగవేసి చూచిరి. నిజమైన జాందానీలో పువ్వు ఇరువైపుల ఒక్కతీరున నుండును. ఆ చీర వెనుక కత్తిరించిన దారపు కొసలు గరుకుగా చేతికి తగిలినవి. "ఇది మర నేసినది" అని మడిచి పెట్టిరి. మరునాడే తిరిగి పంపితిమి. అప్పటినుండి యానాములోని మా బంధువులు కాకినాడ మీదుగా ఉప్పాడకు పోయినపుడు, నేతగాని యింటినుండి ఫోనులో చీర వెనుకవైపు చూపుదురు. వెల అక్కడనే తెలుగులో తేలును.

వాపసు చిక్కుపడినవారు మౌనముగా నుండవలదు. 2020 నాటి ఇ-వాణిజ్య నిబంధనల ప్రకారము ప్రతి సంస్థయు ఫిర్యాదుల అధికారిని నియమింపవలెను. ఆయన 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలో పరిష్కరింపవలెను. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. ఫోను అంగడిలో బేరము ఈ రూపమున మిగిలియున్నది.

ఇక కొసరు. అంగడిలో మాకు దక్కిన కొసరు పిడికెడు కరివేపాకు మాత్రమే కాదు, మాట. కందిపప్పును తమిళుడు తువరం పరుప్పు అనును, కన్నడిగుడు తొగరిబేళె అనును, ఒడియావాడు హరడ డాలి అనును. మన గోంగూర ఇచ్చట పుళిచ్చ కీరై, మరాఠీ సీమలో అంబాడి. ఆ పేర్లన్నియు నేర్చియు మన పేరు మరువకుండుటకు తల్లి చేయి పట్టుకొని బజారు తిరుగుట చాలెడిది. నేడు మా మనుమరాలు బడిలో తమిళమును ఆంగ్లమును చక్కగా చదువుచున్నది. ఒకనాడు "కందిపప్పు అంటే తూర్ దాలేనా, తాతగారూ?" అని యడిగినది. ఆ పప్పుతోనే ఆనాడు భోజనము చేసియున్నది!

అప్పుడు మాకు స్ఫురించినది, వెచ్చముల చీటి. మా యింట తెలుగులో చేతితో వ్రాయబడుచుండిన కాగితము చివరకు అదొక్కటే. వెనుకటి కొనుగోళ్లను ఫోనే జ్ఞాపకముంచుకొనుటతో ఆ చీటియు నిలిచిపోయియుండెను. ఇప్పుడు దానిని పునరుద్ధరించితిమి. నెల మొదటి ఆదివారము మా అమ్మగారు డబ్బాలు తెరచి చూచి చెప్పుదురు; మనుమరాలు వ్రాయును. ఇంగువ, చింతపండు, మినపగుళ్లు, ధనియాలు. మొదటి నెలలో "ధ"కు ఒత్తు లేదు. మూడవ నెలకు వచ్చినది. ఆ చీటిని చూచియే ఫోనులో సరుకులు కోరుదుము. పెద్ద సంస్థలైన ఫ్లిప్‌కార్టు, అమెజాను 2020లోనే తెలుగున కనుపింపసాగినవి గనుక, పిల్ల తాను వ్రాసిన మాటలనే తెరపైనను చదువుచున్నది.

దీనివలన ఇంకొక లాభమును గలిగినది. చీటిలో లేనిది బుట్టలో చేరుటలేదు. మొదటి మూడు నెలలలోనే సరుకుల వ్యయము తగ్గినట్లు పద్దు పుస్తకము చూపినది. బెంగుళూరైనను, బరంపురమైనను, షోలాపురమైనను, మన కుటుంబములలో కాగితమునకు కొరత లేదు, డబ్బాలు తెరచి చెప్పగల పెద్దలకును ఇంకను కొరత లేదు. వారుండగనే, వచ్చు నెల చీటిని పిల్లలచేత తెలుగులో వ్రాయింపుడు.