సముద్రాన్ని మింగే రబ్బరు చక్రం

ఇంత అద్భుతం గురించి ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం! తెరచాప పడవలోనూ ఇంజన్ ఉంటుందని తెలుసు. గాలి పడిపోయినప్పుడూ, ఇరుకు రేవులోకి దూరేటప్పుడూ దాన్ని నడుపుతారనీ తెలుసు. కానీ ఆ ఇంజన్ వేడెక్కకుండా ఉండడానికి పడవ తన కింద ఉన్న సముద్రాన్నే గుటకలు గుటకలుగా మింగి, పని చేయించుకుని, వెనకనుంచి ఉమ్మేస్తుందన్న సంగతి మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కో బేలో మా బావ పడవకి పంపు మార్చిన రోజునే తెలిసింది. అప్పట్నుంచి కనబడ్డవాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను.

పడవ కాటలినా 30. ముప్పై అడుగుల పొడవు. కాలిఫోర్నియాలోనే పుట్టిన రకం. 1970లలో మొదలుపెట్టి ఆరు వేలకు పైగా కట్టారు కాబట్టి ఇక్కడి మెరీనాల్లో తరచూ కనబడుతుంది. కాబిన్‌లో మూత తీస్తే లోపల యూనివర్సల్ ఎం-25 డీజిల్ ఇంజన్, మూడు సిలిండర్లది. దాని అసలు దిమ్మ కుబోటా వాళ్ళది. అవును, ట్రాక్టర్లు చేసే కుబోటానే! పొలంలో అయితే ట్రాక్టర్‌కి ముందు రేడియేటర్, దాని వెనక ఫ్యాను, చుట్టూ కావలసినంత గాలి. పడవ కడుపులో, మూతేసిన అరలో, గాలెక్కడిది? గాలి లేకపోతేనేం, అడుగున అంత చల్లటి నీళ్ళున్నాయి కదా.

ఆ నీళ్ళు నడిచే దారి చూడాలి! పడవ అడుగున ఒక రంధ్రం, దానికి సీకాక్ అనే కుళాయి. అక్కణ్ణించి నాచునీ చెత్తనీ ఆపే జల్లెడ. తర్వాత పంపు. పంపు నుంచి హీట్ ఎక్స్‌ఛేంజర్. ఇంజన్ లోపల తిరిగే కూలెంట్ వేరు, ఈ ఉప్పునీరు వేరు. ఎక్స్‌ఛేంజర్‌లో సన్నటి గొట్టాల లోపల ఒకటి, బయట ఒకటి. రెండూ కలవవు, వేడి మాత్రం చేతులు మారుతుంది. ఉప్పునీటిని నేరుగా ఇంజన్‌లోకే పంపే రకాలూ ఉన్నాయట. అయితే అరవై డిగ్రీల సెల్సియస్ దాటితే లోపల ఉప్పు పెచ్చు కట్టడం మొదలవుతుంది, అందుకని వాటిని అంతకు లోపే ఉంచి నడపాలి. కూలెంట్ వేరుగా ఉన్న ఇంజన్‌కి ఆ బెంగ లేదు, తనకి తగిన వేడిలో హాయిగా నడుస్తుంది.

కథ అక్కడితో అయిపోలేదు. ఎక్స్‌ఛేంజర్ దాటిన ఉప్పునీటిని ఇంజన్ పొగగొట్టంలోకి చిమ్ముతారు! వందల డిగ్రీల వేడితో బుసకొట్టే పొగ ఆ నీటి దెబ్బకి ఒక్క జానెడు దూరంలో చల్లబడిపోతుంది. ఎంత చల్లబడుతుందంటే, అక్కణ్ణించి పడవ చివరిదాకా పొగ వెళ్ళేది ఇనప గొట్టంలో కాదు, రబ్బరు హోస్‌లో. పంపు ఆగితే ఇంజన్ ఒక్కటే కాదు, ఆ హోస్ కూడా కాలిపోతుంది. ఒకే నీటితో రెండు పనులు చేయించిన ఆ బుర్రకి దండం పెట్టాలనిపించింది.

ఇక పంపు. అరచేతిలో పట్టే కంచు డొక్క, లోపల ఇంపెల్లర్ అనే రబ్బరు చక్రం, దాని చుట్టూ మెత్తటి రెక్కలు. అంతే. డొక్క లోపలి గోడ గుండ్రంగా ఉంటుంది, ఒక్కచోట తప్ప. నీళ్ళు వచ్చే దారికీ పోయే దారికీ మధ్య గోడ కాస్త లోపలికి ఉబ్బి ఉంటుంది. రెక్క తిరుగుతూ వచ్చి ఆ ఉబ్బు దగ్గర వంగుతుంది. రెండు రెక్కల మధ్య జాగా ఇరుకై, అందులోని నీరు బయటికి తోసుకుపోతుంది. ఉబ్బు దాటగానే రెక్క లేచి నిలబడుతుంది, జాగా పెరుగుతుంది, ఆ ఖాళీలోకి కొత్త నీరు ఎగబాకుతుంది. వాల్వులు లేవు. మా ఊళ్ళో పొలం మోటారు వేయాలంటే ముందు బిందెలతో నీళ్ళు పోసి పైపు నింపాలి, ఫుట్‌వాల్వు కారిందంటే మళ్ళీ మొదటికే. ఈ రబ్బరు చక్రానికి ఆ బాధ లేదు. గాలినే పీల్చుకుని, గాలి వెనకాలే నీటిని లాక్కొస్తుంది! ఒక్కటే నియమం: పొడిగా తిప్పకూడదు. దానికి నూనె, గ్రీజు అన్నీ ఆ నీరే. నీరు అందకపోతే రెక్కలు కాసేపట్లోనే కాలి తునిగిపోతాయి.

"మరి నీళ్ళు బాగానే వస్తున్నాయి కదా బావా, పంపెందుకు మార్చడం?" అన్నాను.

"ఆ బెజ్జం చూడు" అన్నాడు బావ, పంపు మెడ దగ్గర టార్చి కొట్టి.

అగ్గిపుల్ల పట్టేంత బెజ్జం. దాంట్లోంచి చుక్క తర్వాత చుక్క నీరు. చుట్టూ తెల్లటి ఉప్పు, పచ్చటి చిలుము. ఈ పంపు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ బెజ్జమే. పంపు షాఫ్టుకి ఒక చివర సముద్రం, రెండో చివర ఇంజన్ ఆయిల్. మధ్యలో రెండు సీళ్ళు: ఒకటి నీటిని ఆపేది, ఒకటి ఆయిల్‌ని ఆపేది. ఆ రెండింటి మధ్య కావాలని కొంచెం ఖాళీ వదిలి, దానికి బయటికి దారి పెట్టారు. నీరు కారితే నీటి సీలు పోయినట్టు. ఆయిల్ కారితే ఆయిల్ సీలు పోయినట్టు. ఆ దారే లేకపోతే ఉప్పునీరు చడీచప్పుడు లేకుండా ఇంజన్ ఆయిల్‌లోకి దిగిపోయేది, తెలిసేసరికి బేరింగులు పోయి ఉండేవి. కారుతోంది కదా అని ఆ బెజ్జాన్ని ఏ సీలెంటుతోనో మూసేయడం కన్నా ఘోరం ఉండదు.

మార్చడం మొదలైంది. ముందు సీకాక్ కట్టేసి, ఇంజన్ తాళంచెవి దానికే తగిలించాడు బావ. కుళాయి తెరవకుండా ఎవరూ ఇంజన్ వేయలేరు. ఎంత తేలికైన జాగ్రత్త! పంపు ఉండేది నీటి మట్టానికి దిగువన కాబట్టి, కుళాయి కట్టకుండా హోస్ ఊడదీస్తే సముద్రం పడవలోకి వచ్చేస్తుంది. క్లిప్పులు వదులుచేసి, మొండికేసిన హోస్ మీద వేడినీళ్ళు పోస్తే మెత్తబడి జారింది. బోల్టులు విప్పితే పాత పంపు చేతిలోకొచ్చింది. మూత తీసి చూద్దుం కదా, ఒక రెక్కకి కొస లేదు! తెగిన ముక్క ఎటు పోతుంది? నీరు పోయే వైపే. ఎక్స్‌ఛేంజర్ మూత విప్పితే గొట్టాల మూతి మీద అడ్డంగా కూర్చుని ఉంది. దాన్ని పట్టకారుతో లాగినప్పటి ఆనందం ఇంతా అంతా కాదు.

కొత్త పంపులో రెక్కలకి గ్లిజరిన్ పూశాం, నీళ్ళు అందేదాకా అదే కాపాడుతుంది. కొత్త గాస్కెట్ పెట్టి, పంపు షాఫ్టు చివరి గాడిని ఇంజన్ వైపు నాలుకతో కలిపాం. చూపు ఆనని చోట వేళ్ళతో తడుముతూ కాస్త కాస్త తిప్పితే టక్కున కూర్చుంది. బోల్టులు బిగించి, హోసులు తొడిగి, కుళాయి తెరిచి, తాళంచెవి పెట్టాడు బావ.

"స్టార్ట్ కాకపోతే ఊరికే తిప్పుతూ ఉండకూడదు, తెలుసా?" అన్నాడు. పంపుకి ఇంజన్ వెలిగిందో లేదో తెలియదు. స్టార్టర్ తిప్పినంతసేపూ అది నీళ్ళు తోస్తూనే ఉంటుంది. బయటికి నెట్టే పొగ లేనందున ఆ నీరు పొగదారిలోని సైలెన్సర్‌ని నింపి, వెనక్కి తన్ని, సిలిండర్లలోకే చేరుతుందట.

అంత అవసరం రాలేదు, ఇంజన్ వెంటనే అందుకుంది. నేను పరుగున వెనక్కి వెళ్ళి అంచు మీంచి వంగి చూశాను. ముందు పొడి పొగ, ఆ వెంటనే భళ్ళున నీళ్ళు! ఆగి మళ్ళీ భళ్ళు, మళ్ళీ భళ్ళు! బావ ఇంజన్ దగ్గర బెజ్జం మీద కాగితపు రుమాలు అద్ది చూశాడు. పొడిగా ఉంది.

పాత పంపుని పారేయనివ్వలేదు. దాని కంచు డొక్క గట్టిగానే ఉంది. రెండు సీళ్ళు, బేరింగు, ఇంపెల్లర్ మారిస్తే మళ్ళీ పనికొస్తుంది. మూత లోపలివైపు అరిగిన గీతలున్నా, తిరగేసి రెండో ముఖం లోపలికి పెట్టి బిగించుకోవచ్చని బావ చెప్పాడు. సీళ్ళకి ఆర్డర్ పెట్టేశాను. తయారయ్యాక అది పడవలో స్పేర్‌గా ఉంటుంది.