వినోదోద్యానముల యెంపిక

వేసవి సెలవులు సమీపించినకొలది ప్రతి గృహమునందును ఒక ప్రశ్న బయలుదేరును: ఈ యేడు ఎచ్చటికి పోవుదము? మా చిన్ననాట దీనికి ప్రత్యుత్తరము సులభముగ నుండెను. తాతగారి యూరికి పోవుటయే సెలవు. కోటప్పకొండ తిరునాళ్లలో రంగులరాట్నమెక్కి దిగినవాడు ఏడాదిపొడవున దానిని గూర్చి చెప్పుకొనుచుండెడివాడు. ఇప్పటి బాలబాలికలు కోరునది వేరు. వారు పటములలో చూచిన వినోదోద్యానములను కన్నులార చూడ గోరుదురు. వానినే థీమ్ పార్కులని లోకులు పిలుచుచున్నారు. ఆ కోరిక తప్పు కాదు. కాని ఉద్యానములు పెక్కు, దినములు కొన్ని, ధనము మిక్కిలి కొంచెము. ఆరుగురి కోరికలు ఒకచోట జేరినప్పుడు ఎంపిక యనునది కుటుంబమునకు ఒక పరీక్షయగును. గత వేసవిలో మా యింట ఆ పరీక్ష యెట్లు జరిగినదో తెలుపుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగ వినోదోద్యానముల పుట్టుపూర్వోత్తరములను రెండు మాటలలో చెప్పెదను. ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. డెన్మార్కు దేశమున కోపెన్‌హేగెన్ నగరమునకు సమీపమున బాకెన్ అను ఉద్యానము 1583 నాటినుండి కలదు. అదే నగరమున 1843లో టివోలి యను మరియొక యుద్యానము తెరువబడినది. ఈ రెండును నేటికిని నడచుచున్నవి. 1884లో అమెరికాలోని కోనీ ద్వీపమున లామార్కస్ థాంప్సను అను నతడు ఎత్తుపల్లములుగల పట్టాలపై బండిని నడిపించి, ఒక్కొక్కరియొద్ద ఐదు సెంట్లు పుచ్చుకొనెను. దాని వేగము గంటకు ఆరు మైళ్లు మాత్రమే! 1893లో చికాగో ప్రదర్శనమున ఫెర్రిస్ అను ఇంజనీరు 264 అడుగుల యెత్తుగల చక్రమును నిలిపెను. దానికి 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది. మన తిరునాళ్లలోని జెయింటు వీలు ఆ చక్రపు సంతతిలోనిదే. 1955 జూలై 17వ తేదీన వాల్టు డిస్నీ కాలిఫోర్నియాలో డిస్నీలాండును తెరచెను. ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క కథను, ఒక్కొక్క లోకమును కల్పించి, యంత్రములను ఆ కథలో నిముడ్చుట అచ్చట ప్రసిద్ధికెక్కినది. థీమ్ పార్కు అను పేరునకు అర్థమిదియే.

మన దేశమున ఢిల్లీలో అప్పూ ఘర్ 1984లోను, బొంబాయి చెంత ఎస్సెల్ వరల్డు 1989లోను వెలసినవి. హైదరాబాదు వెలుపల రామోజీ ఫిలిం సిటీ 1996లో ఏర్పడినది. కొచ్చిలో 2000 సంవత్సరమున వీగాలాండు పేరుతో నారంభమైన సంస్థయే తరువాత వండర్‌లా యను పేరు దాల్చి, 2005లో బెంగుళూరునందును, 2016లో హైదరాబాదు నగరపు బాహ్యవలయరహదారి చెంతనున్న రావిర్యాలయందును ఉద్యానములను నెలకొల్పినది.

ఇక మా కుటుంబమును గూర్చి. నేనును, నా భార్యయు, డెబ్బదియొక యేండ్ల మా తల్లిగారును, తొమ్మిదవ తరగతి చదువు మా పెద్దమ్మాయియు, పండ్రెండేండ్ల కుమారుడును, ఆరేండ్ల చిన్నదియు: వెరసి ఆరుగురము. ఉపాధ్యాయుని జీతమునుండి నెలకు 1,500 రూపాయల చొప్పున పండ్రెండు మాసములు దీసి యుంచగా 18,000 రూపాయలైనవి. రైలు ఛార్జీలు, భోజనములు, ప్రవేశరుసుములు సమస్తమును ఇందులోనే జరుగవలెను.

ఒక రాత్రి భోజనానంతరము అందరమును కూర్చుండి ఎవరి కోరికను వారు చెప్పవలెనని నిర్ణయించితిమి. నా భార్య చెన్నపట్టణమును పేర్కొనెను. బాల్యమున విహారయాత్రకు పోయినప్పుడు వి.జి.పి. ఉద్యానమున, ఎవరెంత నవ్వించినను నవ్వక విగ్రహమువలె నిలుచు కావలివానిని ఆమె చూచి యుండెను. పిల్లలకును అతనిని చూపవలెనని ఆమె ముచ్చట. మా కుమారుడు వండర్‌లా తప్ప మరియొకటి వలదనెను. చిన్నది మంచు కావలెననెను. ఇందిరా పార్కు చెంత 2004లో వెలసిన స్నో వరల్డును ఎవరో దానికి జెప్పియుండిరి. మా తల్లిగారు, "నాకేమి నాయనా, కూర్చుండుటకు నీడయున్న చోటు చాలును" అనిరి. పెద్దమ్మాయి, "అందరును ఎచ్చటికన్న నచ్చటికే" యని యూరకుండెను.

చెన్నపట్టణపు మాట తొందరగనే తేలినది. అచ్చట మాకు బంధువులు లేరు. బస ఖర్చుతోనే సగము ధనము పోవును. సికింద్రాబాదులో మా తమ్ముని యిల్లు కలదు. కావున నగరము హైదరాబాదని స్థిరపడినది. స్నో వరల్డునందు సున్నకు దిగువనున్న చలిలో కొంతసేపు మాత్రమే యుండనిత్తురు. కోట్లు, బూట్లు వారే యిత్తురు. కాని మా తల్లిగారికి ఉబ్బసము కలదు. పైగా ఒకటి రెండు గంటల వినోదమునకు ఆరుగురి రుసుము చెల్లించుట మాకు భారమని తోచెను. చిన్నదానికి ఇది చెప్పుట కష్టమే. రామోజీ ఫిలిం సిటీలో పక్షుల యుద్యానమును సీతాకోకచిలుకల యుద్యానమును కలవని తెలిపినపిమ్మట, అది కొంతసేపాలోచించి, "అయితే చిలుకలు" అనెను.

రామోజీ ఫిలిం సిటీ మా తల్లిగారికిని తగియుండెను. అది 1,666 ఎకరముల విస్తీర్ణముగలది; ప్రపంచమునందలి చిత్రనిర్మాణశాలలలో మిక్కిలి పెద్దదని గిన్నిసు గ్రంథమున కెక్కినది. అంత స్థలమును నడచి చూచుట యెవరికిని సాధ్యము కాదు. బస్సులలో త్రిప్పి చూపుదురు. బాహుబలి చిత్రమునకై కట్టిన మాహిష్మతీపురము, ఒకవైపు రైలు స్టేషనువలెను ఒకవైపు విమానాశ్రయమువలెను కనుపించు కట్టడములు, ముందుభాగమే గాని వెనుక ఇల్లు లేని వీథులు: ఇవన్నియు వృద్ధులు కూర్చుండియే చూడదగినవి. కావున ఒక దినము ఆరుగురమును అచ్చటికి పోవుటకు ఎవరును అడ్డు చెప్పలేదు.

చిక్కు వచ్చినది వండర్‌లా విషయమున. మా పెద్దమ్మాయికి నాలుగేండ్ల ప్రాయమున గుండెలోని రంధ్రము మూయుటకు శస్త్రచికిత్స జరిగెను. ఆమె ఆరోగ్యముగనే యున్నది, బడికి సైకిలుపై పోవుచున్నది. కాని కుదుపుగల యంత్రములెక్కరాదని వైద్యుని యాజ్ఞ. ఉద్యానములలో గూడ పెద్ద యంత్రములచెంత, హృద్రోగులును, గర్భిణులును, వెన్నునొప్పిగలవారును ఎక్కరాదని పలకలపై వ్రాసియుంతురు. మా కుమారుని ఎత్తు 146 సెంటీమీటర్లు. పెద్ద యంత్రములకు వలసిన ఎత్తును ఆ సంవత్సరమే దాటియుండెను. ద్వారబంధముపై పెన్సిలుతో గీతలు గీచుకొనుచు వాడు రెండేండ్లుగ ఆ దినమునకై వేచియుండెను. ఒకరు ఎక్కుచుండగా మరియొకరు కంచెవెలుపల చెప్పులు కాచుకొనుచు నిలుచుట నా మనస్సునకు రుచింపలేదు. రెండవదినమున జంతుప్రదర్శనశాలకు పోవుదమని నేననితిని. 1963లో తెరువబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాల 380 ఎకరములు గలది. అచ్చట ఎవరికిని ఏ నిషేధమును లేదు, రుసుమును స్వల్పమే. నా కుమారుడు తల వంచుకొని, "సరే నాన్నగారూ" అనెను. వాని కంఠస్వరము నందరమును వింటిమి.

అప్పుడు పెద్దమ్మాయి మొదటిసారి నోరు తెరచి, "నాన్నగారూ, నా నిమిత్తము తమ్ముడు మానుకొన్నయెడల నా రోగము వానికిని వచ్చినట్లే గదా! నేనెక్కకపోవుట నాకు అలవాటే. నా వలన వాడెక్కకపోవుట మాత్రము నాకు అలవాటు లేదు" అనెను.

కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తుదకు మా తల్లిగారు, "అమ్మాయి చెప్పినది న్యాయము. రెండవనాడు నేనును కోడలును తమ్ముని యింట నుందుము. ఆ రుసుము మిగులును. మీరు నలుగురును పోయి రండు" అని తీర్పు చెప్పిరి. లెక్క చూడగా 18,000 రూపాయలలో సరిపోయెను.

మరుసటి వారము వైద్యునియొద్దకు పోయి, ఏవి కూడును, ఏవి కూడవు అని అడిగి వ్రాసికొంటిమి. మెల్లగ తిరుగునవి, నిదానముగ పారు కాలువలో తేలుచు పోవునవి, అలల కొలనులో లోతులేని చోటు: ఇవి యామెకు తగునని యాయన చెప్పిరి. జాబితా మేము తలంచినదానికన్న పొడవుగ నుండెను. ఆమె ఆ కాగితమును మడచి తన పుస్తకములో నుంచుకొనెను.

ఆదివారములందు జనసమ్మర్దము హెచ్చు గనుక మంగళ బుధవారములను నియమించుకొంటిమి. ఎండకాలము గనుక ఉదయమున యంత్రములు, మధ్యాహ్నమున నీటియాటలు అని యేర్పాటు. మొదటి దినము సుఖముగ గడచెను. మా తల్లిగారు మాహిష్మతీపురపు గోడను వ్రేలితో కొట్టి, లోపల గుల్లయని తెలిసికొని, దినమంతయు ఆ మాట చెప్పుకొని నవ్విరి. చిన్నది చిలుకలను విడిచి రానని మొండికెత్తెను.

రెండవ దినమున రికాయిల్ అను రోలర్ కోస్టరు చెంతకు పోతిమి. పాఠశాలలోని బాలబాలికలు దీని పనితీరును గమనింపదగును. ఈ బండికి ఇంజను లేదు. దానిని వెనుకకు ఎత్తైన గట్టు మీదికి లాగి విడుతురు. అది జారి, మూడు మారులు తలక్రిందులై, ఎదుటి గట్టు నెక్కును. మార్గమున రాపిడివలనను గాలివలనను కొంత శక్తి పోవును గనుక తనంత తాను పైదాక చేరజాలదు. అచ్చట ఒక గొలుసు దానిని పట్టి పైకి లాగి మరల విడుచును. అంతట బండి వచ్చిన దారినే వెనుకకు పోవుచు మరల మూడు మారులు తలక్రిందులగును. ఎత్తునందలి శక్తి వేగమగుట, వేగము మరల ఎత్తగుట: పాఠ్యపుస్తకములో చదివినది ఇచ్చట కంటికి కనుపించును. రాపిడి లేదనుకొన్నయెడల 20 మీటర్ల యెత్తునుండి దిగిన బండికి సెకనునకు సుమారు 19.8 మీటర్ల వేగము, అనగా గంటకు 71 కిలోమీటర్లు కలుగును. ఎత్తు రెట్టింపైనను వేగము రెట్టింపు కాదు. ఒకటిన్నర రెట్లకును కొంచెము తక్కువయే. బండిలో లావుపాటివాడు కూర్చున్నను సన్ననివాడు కూర్చున్నను ఈ లెక్క మారదు.

ఈ లెక్కలన్నియు మా పెద్దమ్మాయి కంచెచెంత నీడలో కూర్చుండి తన పుస్తకములో వేసినవే. కుమారుడు నలువది నిముషములు వరుసలో నిలిచి, రెండు నిముషములకు లోపుగనే దిగివచ్చెను. ముఖము పాలిపోయి, కన్నులు మాత్రము వెలుగుచుండెను. వాడు తిన్నగ అక్కయొద్దకు పోయి చెప్ప నారంభించెను. ఆమె, "ఎచ్చట బరువెక్కినట్లుండెను? ఎచ్చట తేలికయైనట్లుండెను? ముందుకు పోవునప్పుడా, వెనుకకు వచ్చునప్పుడా?" అని ప్రశ్నించెను. వాడు చెప్పలేక, "ఉండుము, చూచి వచ్చెదను" అని మరల పోయి వరుసలో నిలిచెను. ఈమారు దిగివచ్చి, చుట్టుయొక్క అడుగున ఒడలు రాయియైనదనియు, శిఖరమున దూదివలె నుండెననియు నివేదించెను. ఆమె ఆ చోట్లను తన చిత్రమున గుర్తించెను. పూర్వము 1895లో కోనీ ద్వీపమున కట్టిన చుట్టు సరియైన వలయాకారమున నుండుటచేత అడుగున బరువు అకస్మాత్తుగ పెరిగి ఎక్కినవారి మెడలు నొచ్చెడివనియు, ఇప్పటి చుట్లు నీటిబొట్టు ఆకారమున నుండుటకు కారణమదియే ననియు నేను చెప్పితిని. మధ్యాహ్నమున నలుగురమును నీటిలో నుంటిమి. వైద్యుని జాబితాలోనివన్నియు ముగిసినవి. కొన్ని రెండేసి మారులు.

తల్లిదండ్రులకు నా విన్నపములు కొన్ని కలవు. బయలుదేరుటకు ముందే పిల్లల ఎత్తును కొలువుడు. ద్వారముచెంత నిరాశ కలుగనీయకుడు. ఇంటనున్న రోగమును దాచక వైద్యుని అడుగుడు. ఆయన వలదన్నవి కొన్నియే, తగునన్నవి పెక్కు ఉండవచ్చును. ధనమెంత కలదో పిల్లలకు తెలియజెప్పుడు. లెక్క తెలిసిన పిల్లలు మారాము చేయుట అరుదు. అందరును అన్నిటికిని పోనక్కరలేదు, కాని ఎవరు ఆగుదురో వారు తామై చెప్పవలెను. ఏ యుద్యానము గొప్పదని లోకులు చెప్పుదురో విచారించుటకంటె, మన కుటుంబములో ప్రతివానికిని అచ్చట చేయదగిన పని యొకటి కలదా యని విచారించుట మేలు.

బాలబాలికలారా, మీ యింట మీకంటె నెమ్మదిగ నడచువారుందురు, మీరెక్కినది ఎక్కలేనివారుందురు. వారి నిమిత్తము మీ సంతోషమును చంపుకొనుమని నేను చెప్పను. వారును దానిని కోరరు. దిగివచ్చినపిమ్మట తిన్నగ వారియొద్దకు పోయి, చూచినది చూచినట్లు చెప్పుడు. బాగుగ చెప్పుటకై బాగుగ చూడవలసివచ్చును.

ఈ సంవత్సరము మరల నెలకు 1,500 రూపాయల చొప్పున తీసి యుంచుచున్నాము. లెక్కపుస్తకమున ఊరిపేరు వ్రాయవలసిన చోటు ఖాళీగనే యున్నది. ఈమారు చిన్నది ముందుగ మాటలాడవలెననియు, పెద్దమ్మాయి ఊరకుండరాదనియు మా తల్లిగారు ఆజ్ఞాపించిరి.