అమ్మీ గొంతు ఎవరి హక్కు?

మా ఆపా కొడుక్కి ఇరవై రెండేళ్లు. పగలంతా సెల్‌ఫోన్ల దుకాణంలో కొలువు, రాత్రి హార్మోనియం ముందు రియాజ్. ఉస్తాద్ అంటూ ఎవరూ లేరు, విని విని నేర్చుకున్నాడు. మూడేళ్ల కింద ఈద్ నాడు షీర్ ఖుర్మా తాగి, మా అమ్మీ ముందు కూర్చుని 'బజార్' సినిమాలోని మఖ్దూం గజల్ పాడితే, వాడి చెల్లెలు ఫోన్లో తీసింది. పాట అయ్యాక అమ్మీ గొంతు వినిపిస్తుంది: "ఫిర్ సే గా బేటా." వీడియో అక్కడితో ఖతం. ఆ చలికాలంలోనే అమ్మీ అల్లాకు ప్యారీ అయిపోయింది.

వీడియోని వాడు యూట్యూబ్‌లో పెట్టాడు. కొన్నాళ్లకు ఒక కంపెనీ దావా వేసింది: ఈ పాట మాది, ప్రకటనల పైసలు మాకే రావాలి. వాడికి పైసా వచ్చేదుంటే కదా! ఫికర్ చేయలేదు. మొన్న జుమ్మా నాడు చూస్తే వీడియోనే బంద్.

"మామూ, గొంతు నాది, బాజా నాది. నేనేం చోరీ చేసిన?"

వాడికి జవాబు చెప్పాలని కాపీరైట్ కానూను తిరగేశాను. ఒక్క గజల్ మీద మూడు హక్కులున్నాయి. రాసినవారు పోయాక అరవై ఏళ్ల దాకా ఆ కలాం మీద హక్కు నడుస్తుంది. మా సంగారెడ్డి పక్కన అందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ 1969లో పోయారు, అంటే 2029 ఆఖరు దాకా. బాణీ కట్టిన ఖయ్యాం సాబ్ 2019లో పోయారు, అంటే 2079 దాకా. తలత్ అజీజ్, లతా మంగేష్కర్ పాడిన రికార్డింగుది వేరే లెక్క, 1982 నుంచి అరవై ఏళ్లు. మావాడు ముట్టుకోనిది ఈ మూడోదొక్కటే. బాణీకి, కలాంకి ఇజాజత్ కావాలి.

అడిగి తీసుకోవచ్చు కదా అంటారా? 2012లో సవరించిన కానూన్లో కవర్ పాటలకు ఒక దారుంది, 31సి సెక్షన్. అసలు రికార్డింగు వచ్చి ఐదేళ్లు దాటాలి, ముందే నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ ముందే కట్టాలి. క్యాసెట్లు అచ్చేసే సేట్లకు కుట్టిన షేర్వానీ అది. ఫోన్లో తీసిన ఈద్ వీడియోకి ఎక్కడ సరిపోతుంది?

అట్లని కానూన్ని తిట్టబుద్ధి కాలేదు. అదే సవరణ కోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభలో కొట్లాడారు. రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీ వాటా చేతులు మారకుండా నిలిచింది. హఖ్ అంటే హఖ్, మనదైనా ఎదుటివాళ్లదైనా.

వాడే పాడిన అమీర్ ఖుస్రో కలాం మీద కూడా ఇంకో కంపెనీ దావా వేసింది. ఖుస్రో పోయింది 1325లో! బాణీ కూడా దర్గాల్లో తరతరాలుగా పాడుతున్నదే. మిషన్‌కి బాణీ కలిస్తే చాలు, వయసు అడగదు. వాడు అభ్యంతరం పెట్టాడు. ముప్ఫై రోజుల గడువులో అవతలి నుంచి జవాబే రాలేదు, దావా ఎగిరిపోయింది.

"దీనికి కూడా పెట్టరా" అన్నాను.

"ఏమని రాయాలె మామూ? ఇజాజత్ ఉందనా? ఝూట్ అయితది." పైగా అది వికటించి స్ట్రైక్ పడిందంటే భయం. తొంభై రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది, ఖుస్రో కలాంతో సహా.

కంపెనీకి మెయిల్ రాశాడు, ఇంట్లో పెద్దావిడ గొంతుంది, పైసలు వద్దు, ఉంచనివ్వండి అని. మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు.

నిన్న రాత్రి వాట్సాప్‌లో నాకొక ముక్క పంపాడు. నాలుగు సెకన్లు. పాటంతా తీసేశాడు, అమ్మీ మాట ఒక్కటే ఉంది.